లాలిపాటలో దగ్గు

మా బిల్డింగులో లిఫ్టు నడిపే మావయ్య గురించి ఒక పుకారు ఉంది. అది నిజమని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు, అబద్ధమని తేల్చడానికి ఎవరికీ మనసు రాలేదు. నలభై ఏళ్ళ కిందట వచ్చిన ఒక లాలిపాట రికార్డులో, రెండో చరణం అయిపోయి పాప దాదాపు కళ్ళు మూసే చోట, ఎవరో ఖళ్ మని దగ్గుతారు. ఆ దగ్గు మావయ్యదట.

నేను రెండో అంతస్తులో జిరాక్స్ మిషను ముందు కూర్చుంటాను. ఎదురుగా లిఫ్టు, పక్కనే మెట్లు. నన్ను దాటకుండా ఈ బిల్డింగులో చీమ కూడా పైకి పోలేదు, మాట అసలే పోలేదు. ఈ పుకారు మొదలైంది మూడో అంతస్తులో, పళ్ళ డాక్టరు దగ్గర. ఒక ముసలి ఫిడేలు ఆయన దవడ పన్ను పీకించుకోడానికి వచ్చి, లిఫ్టులో మావయ్యని చూసి, "ఓరి దగ్గూ, నువ్వా" అన్నాడట. పన్ను పీకాక నోట్లో దూది పెట్టుకుని మిగతా కథంతా నర్సుకి చెప్పాడట. దూది పెట్టుకుని చెప్పిన కథ కాబట్టి అక్కడక్కడా నేను పూరించాల్సి వచ్చింది.

కథ ఇది. ఆ రోజుల్లో పాట రికార్డు చెయ్యడమంటే ఇప్పట్లాగా ముక్కలు ముక్కలుగా అతికించే పని కాదు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒకే గదిలో, ఒకే ఊపులో కానివ్వాలి. ఒక్కరు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటికి రావాలి. మావయ్య అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు, బృందంలో ఆఖరి కుర్చీ. ఒక చేతిలో మూడు మూలలుగా వంచిన ఇనప చువ్వ, రెండో చేతిలో దాన్ని కొట్టే పుల్ల. పాట మొత్తానికీ ఆయన చెయ్యాల్సింది ఒకే ఒక్క టింగ్. రెండో చరణం తర్వాత, పాప కళ్ళ మీద నక్షత్రం రాలినట్టు, టింగ్. దానికోసం రెండున్నర నిమిషాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి.

పొద్దుట్నించీ ముప్ఫై ఆరు సార్లు పాడారు. ఫిడేలు ఆయన పన్నెండు అన్నాడు గానీ, మత్తు ఇంకా దిగని మనిషి లెక్క మనకెందుకు. ముప్ఫై ఏడోసారి పాట వెన్నలా జారింది. పాడే ఆవిడ కళ్ళు మూసుకుంది, ఫిడేళ్ళు తగ్గాయి, మావయ్య పుల్ల ఎత్తాడు. సరిగ్గా అప్పుడు ఆయన గొంతులో ఎవరో ఈక పెట్టి తిప్పారు. ఖళ్. వెంటనే టింగ్. దగ్గినా పని మాత్రం మానలేదు, అదీ మావయ్య.

పాడే ఆవిడ రైలు తొందరలో ఉంది. అందరూ అలిసిపోయి ఉన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. రికార్డులు అచ్చయి, కొట్లకెక్కి, ఇళ్ళకి చేరాయి. అప్పుడు మొదలయ్యాయి ఉత్తరాలు. మీ పాట పెడితే పిల్ల నిద్రపోతోంది, మీవాడు దగ్గగానే లేచి కూచుంటోంది, ఇక రాత్రంతా మీవాడే వచ్చి ఆడించాలి అని తల్లులు దుమ్మెత్తిపోశారు. కంపెనీ ఆ రికార్డులన్నీ వెనక్కి తెప్పించి, కరిగించి, దగ్గు లేకుండా రెండో అచ్చు వేసింది. ఈసారి టింగ్ కొట్టినవాడు వేరే మనిషి.

తర్వాత మావయ్య మా బిల్డింగులో లిఫ్టు ఎక్కాడు, ఇంకా దిగలేదు. ఇనప జాలీ తలుపు, ఇత్తడి పిడి ఉన్న పాతకాలం లిఫ్టు. అంతస్తు వచ్చినప్పుడల్లా అది కూడా టింగ్ మంటుంది. మనిషిని తలరాత ఎలా వెక్కిరిస్తుందో చూడండి.

ఇందులో అసలు ముడి వేరే ఉంది. అది అత్తయ్య. మావయ్య భార్య నాలుగో అంతస్తులో కుట్టుపని యూనిట్లో చొక్కాలకి కాజాలు కుడుతుంది. అందరూ కాజాల అత్తయ్య అంటారు. నోట్లో దారం, చేతిలో సూది, అయినా మాట ఆగదు. నలభై ఏళ్ళుగా ఆవిడ చెప్పే మాట ఒకటే.

"మా ఆయన ఎంత పెద్ద వాద్యగాడో మీకేం తెలుసే. మా నాన్న వాయించేవాడికి పిల్లనివ్వనన్నాడు. ఆ మాట చెవిన పడగానే వాయిద్యం అక్కడే పడేసి వచ్చాడు, నా కోసం. మీ మొగుళ్ళు మీ కోసం బీడీ మానేశారా?"

నాలుగో అంతస్తులో పదకొండు మంది ఆడవాళ్ళకి దీనికి జవాబు లేదు. పెళ్ళప్పుడు మావయ్య ఆవిడకి చెప్పిన మాట అది. దగ్గు ఆయనదేనని తేలితే, వాయిద్యం ఈవిడ కోసం మానెయ్యలేదు, అక్కడివాళ్ళు మాన్పించారని తేలుతుంది. అందుకే మావయ్య దగ్గడు. నాకు తెలిసి ఇరవై ఏళ్ళలో ఈ బిల్డింగులో ఎవరూ ఆయన దగ్గు వినలేదు. గొంతు గరగరలాడితే లిఫ్టుని ఏకంగా ఏడో అంతస్తుకి తీసుకుపోయి, మేడెక్కి, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి వస్తాడు. లిఫ్టులో ఎవరున్నా సరే, వాళ్ళు ఎక్కడ దిగాల్సి ఉన్నా సరే.

ఇక అత్తయ్య తమ్ముడు. మెట్ల కింద ఆయనకి పాత రికార్డుల కొట్టు ఉంది. మనిషి నిలబడితే తల మెట్టుకి తగులుతుంది, అందుకే వంగి ఉండడం అలవాటై రోడ్డు మీద కూడా వంగే నడుస్తాడు. రికార్డు మీద పెట్టే ముల్లు అరిగిందో లేదో భూతద్దంతో గంటలు గంటలు చూస్తాడని ముల్లు అని పేరు పడింది. ఈ ముల్లు ఒక మంగళవారం, మూతపడిన పిల్లల ఆస్పత్రి సామాను వేలంలో ఒక రికార్డుల కట్ట కొన్నాడు. అందులో ఆ లాలిపాట ఉంది. అట్ట మీద బొమ్మ అదే, మధ్యలో గుండ్రటి కాయితం అదే, రెండు అచ్చులకీ తేడా లేదు. తేడా అంతా ఒక్క అంకెలో ఉంటుంది. గీతలు అయిపోయాక కాయితం చుట్టూ నున్నగా ఉండే చోట సూదితో గీకినట్టు ఒక నంబరు వేస్తారు. చివర రెండు ఉంటే కుర్చీలో వేసుకుని కూర్చున్నా నష్టం లేదు. ఒకటి ఉంటే ఆ కుర్చీలో మనం కూర్చోము, దాన్ని కూర్చోబెడతాం.

ముల్లు భూతద్దం పెట్టి చూశాడు. ఒకటి.

ఆ కేక నాకు రెండో అంతస్తుకి వినపడింది. మిషనులో కాయితం ఇరుక్కుపోయింది.

సాయంత్రానికి దాని ధర బిల్డింగంతా పాకింది. మొదటి అంతస్తువాళ్ళు ఒక స్కూటరు వస్తుందన్నారు. మూడో అంతస్తుకి చేరేసరికి అది కారయింది. అయిదో అంతస్తు ఇన్సూరెన్సు వాళ్ళు ఇల్లు అన్నారు. ఏడో అంతస్తువాళ్ళయితే ముల్లు ఈ బిల్డింగు కొనేసి మనందరినీ ఖాళీ చేయిస్తాడని సామాను సర్దడం మొదలుపెట్టారు. మధ్యలో నేను చెప్పినదాంట్లో పెద్దగా కలపలేదు.

ముల్లు పాత రికార్డులు కొనే పెద్ద మనిషి ఒకాయనకి ఫోను చేశాడు. ఆదివారం వస్తానన్నాడు ఆయన. పెట్టెయ్యబోతూ ఒక మాట అన్నాడు: "ఆ దగ్గిన మనిషి బతికే ఉంటే అట్ట మీద సంతకం చేయించండి. సంతకంతో అయితే మూడింతలు ఇస్తాను."

మర్నాడు ముల్లు లిఫ్టు ఎక్కాడు, ఏడుసార్లు పైకి వెళ్ళి ఏడుసార్లు కిందికి వచ్చాడు. నేను అయిదోసారి ఎక్కాను, కాయితాల కట్ట ఒకటి అడ్డం పెట్టుకుని.

"బావా, ఒక్క సంతకం. నీ పేరు నువ్వు రాసుకోడానికి ఏమైంది."

"ఆ దగ్గు నాది కాదు."

"నీది కాకపోతే నీ చెమటలేంటి."

"లిఫ్టులో గాలి లేదు."

"బావా, నేను ఇరవై ఏళ్ళుగా మెట్ల కింద వంగి బతుకుతున్నాను. ఒక్కసారి నిటారుగా నిలబడే కొట్టు తీసుకుంటాను. నీ కాళ్ళు పట్టుకోమంటావా?"

"వంగే ఉన్నావుగా, ఇంకెంత దూరం." మావయ్య జాలీ తలుపు తీసి మళ్ళీ వేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "మీ అక్కకి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలిరా. నలభై ఏళ్ళు. ఆవిడ ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు రెండు అంగుళాలు పొడవు పెరిగినట్టు ఉంటుంది."

"అక్కని ఆ రోజు కిందికి రానివ్వను. నా పూచీ."

మావయ్య అవుననలేదు, కాదనలేదు. ముల్లు దాన్ని అవునుగా రాసుకున్నాడు. వెళ్ళి నాలుగో అంతస్తు మేస్త్రీ చేతిలో ఏదో పెట్టాడు. ఆదివారం పొద్దున్నే అత్తయ్య ముందు రెండొందల చొక్కాలు వచ్చి పడ్డాయి, సాయంత్రానికి కాజాలన్నీ అయిపోవాలని.

ఆదివారం మా బిల్డింగులో సగం ఆఫీసులకి సెలవు. ఆ రోజు మాత్రం అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది. పళ్ళ డాక్టరు ఎవరి పన్నూ పీకకుండా మెట్ల మీద నిలబడ్డాడు. ఇన్సూరెన్సు వాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. పెద్ద మనిషి పదకొండు గంటలకి దిగాడు. తెల్ల చేతి తొడుగులు, బక్కపలచటి మనిషి, చంకలో చిన్న తోలు పెట్టె. పెట్టెలో బంగారం ఉందనుకున్నాం. తెరిస్తే ముల్లు. ఆయన సొంత ముల్లు. ఎవరి కొట్లోనైనా సరే, తన ముల్లే బిగించి వింటాడట. దాంతోపాటు ఒక బుల్లి త్రాసు కూడా తీశాడు, ముల్లు రికార్డు మీద ఎంత బరువు మోపుతోందో తూచడానికి. దోమ రెక్క బరువు కూడా చూపించే త్రాసు అది.

ముందు అట్టని వాసన చూశాడు. "చెమ్మ తగల్లేదు" అన్నాడు. రికార్డుని అంచులు పట్టుకుని తీసి, వెలుతురుకి ఏటవాలుగా వంచి, ఒక గీత కోసం పది నిమిషాలు వెతికాడు. అప్పుడే మేమంతా ముందుకి తోసుకున్నాం.

"ఊపిరి కాస్త పక్కకి వదలండి" అన్నాడు ఆయన.

ఇరవై ముప్ఫై తలలు ఒకేసారి పక్కకి తిరిగాయి. భూతద్దం పెట్టి నంబరు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను కళ్ళారా చూశాను, ముందు ఎడమది, తర్వాత కుడిది.

"ఒకటే" అన్నాడు. "కానీ ఆ అంకె ఎవరైనా గీకొచ్చు. వినాలి."

మావయ్య కూడా అక్కడే ఉన్నాడు. ముల్లు ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కొట్టు మూల నిలబెట్టాడు. లిఫ్టు తలుపు బార్లా తెరిచి, లోపల ఎవరూ లేకుండా, కింద నిలబడిపోయింది. పుట్టాక ఆ లిఫ్టు అంతసేపు ఖాళీగా ఉండడం అదే మొదలు.

పాట మొదలైంది. గుసగుసలాడే గొంతు, కింద ఫిడేళ్ళు. మొదటి చరణం అయ్యేసరికి ఇన్సూరెన్సు ఆయన ఒకడు నిజంగానే నిద్రపోయాడు. రెండో చరణం. పెద్ద మనిషి కళ్ళు మూసుకుని వేలు ఎత్తాడు. ముల్లు కూడా వేలు ఎత్తాడు. మా అందరి వేళ్ళూ లేచాయి. నేను మావయ్యనే చూస్తున్నాను. ఆయన కుడి చెయ్యి పుల్ల పట్టుకున్నట్టు గాల్లోకి లేచింది, ఆయనకే తెలీకుండా.

ఖళ్. టింగ్.

బిల్డింగు కూలిందనుకున్నాను. చప్పట్లు, ఈలలు, నిద్రపోయినాయన లేచి ఏమైంది ఏమైంది అంటున్నాడు. పెద్ద మనిషి కళ్ళలో నీళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఆ దగ్గు కోసం తిరుగుతున్నాడట. ఎన్నో దగ్గులు విన్నాడట, అన్నీ దొంగవేనట. "దగ్గుకీ టింగ్‌కీ మధ్య ఊపిరి పట్టేంత కూడా సందు లేదు. దగ్గినవాడే కొట్టాడు. కచ్చితంగా ఒకే మనిషి" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, అట్ట ముందు పెట్టి, "ఎవరండీ ఆ మనిషి?" అని అడిగాడు.

అందరి మొహాలూ మావయ్య వైపు తిరిగాయి. మావయ్య చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"లిఫ్టుకేమైంది? అరగంట నుంచి పైన బటను నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయింది."

మెట్ల మీద కాజాల అత్తయ్య. మెళ్ళో తెగిన దారం పోగులు, చేతిలో ఖాళీ దారపు గొట్టం. రెండొందల చొక్కాలకి దారం చాలక, కిందికి వెళ్దామంటే లిఫ్టు రాక, నాలుగు అంతస్తులు దిగి వచ్చింది. ముల్లు వంగి ఉన్నవాడు ఇంకా వంగిపోయాడు.

"ఏంట్రా ఈ గుంపు?"

ఇన్సూరెన్సు వాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. పెద్ద మనిషికి మాత్రం ఏమీ తెలీదు పాపం. "ఏం లేదమ్మా. ఈ పాటలో దగ్గింది ఈయనేనని అంటున్నారు. సంతకం చేస్తే ఈ రికార్డుకి మూడింతలు ఇస్తాను" అన్నాడు. అని, మళ్ళీ ముల్లు అక్కడే దించి వినిపించాడు. ఖళ్. టింగ్.

అత్తయ్య విన్నది. మావయ్య మొహం చూసింది. ఆయన రంగు అప్పుడే ఉతికి ఆరేసిన చొక్కాలా ఉంది. తమ్ముడి మొహం చూసింది. వాడు కళ్ళతోనే కాళ్ళు పట్టుకుంటున్నాడు. నా జిరాక్స్ మిషను పక్కన పెట్టుకుని ఉంటే ఆ మొహాలు ఉన్నవి ఉన్నట్టు కాపీ తీసి ఉండేదాన్ని.

"మా ఆయన అసలు దగ్గనే దగ్గరండీ" అంది అత్తయ్య. "నలభై ఏళ్ళ కాపురం. ఈయన దగ్గగా విన్నవాళ్ళుంటే చెయ్యెత్తమనండి."

ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఎవరూ వినలేదు మరి.

"ఆ టింగ్ సంగతేంటమ్మా?"

"టింగ్ ఎవరైనా కొడతారు. ఇదెవరో బాగా లావుపాటి మనిషి దగ్గు. మా ఆయన్ని చూడండి, ఈ ఒంట్లోంచి అంత దగ్గు వస్తుందా?"

పెద్ద మనిషి మావయ్య వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీదేనా?"

మావయ్య పెన్ను వైపు చూశాడు. ముల్లు వైపు చూశాడు. చెయ్యి కిందికి దించాడు.

"నాది కాదు" అన్నాడు.

ముల్లు గోడకి జారబడి కూర్చుండిపోయాడు. పెద్ద మనిషి నిట్టూర్చి, సంతకం లేకపోయినా దగ్గు అసలుదే కాబట్టి మామూలు రేటుకి తీసుకుంటానన్నాడు. ఆ మామూలు రేటు వినగానే ముల్లు లేచి నిలబడ్డాడు, తల మెట్టుకి తగిలింది. స్కూటరు కన్నా ఎక్కువే, కారు కన్నా తక్కువ. రికార్డుని పసిపిల్లలా గుడ్డలో చుట్టుకుని పెద్ద మనిషి వెళ్ళిపోయాడు.

జనం చెదిరాక మావయ్య లిఫ్టు ఎక్కాడు, అత్తయ్య ఎక్కింది, నేను కాయితాల కట్టతో ఎక్కాను. కట్ట నా మొహం కన్నా పెద్దది. నన్ను చూశారో, కట్టే అనుకున్నారో.

రెండు వచ్చింది, నేను దిగలేదు. మూడు దాటాక మావయ్య అన్నాడు. "నీకొకటి చెప్పాలి. ఆ దగ్గు నాదే."

"తెలుసు."

"ఇందాక విన్నాకా?"

"పెళ్ళికి ముందే. మా నాన్న మీ మేనేజరు దగ్గరికి వెళ్ళి మీ సంగతంతా కనుక్కోకుండా పిల్లనిస్తాడా? మేడ మీద ట్యాంకు వెనక మీరు దగ్గేది కూడా ఆ దగ్గే. గొంతు కాస్త ముదిరింది అంతే."

నాలుగో అంతస్తు వచ్చింది, వెళ్ళిపోయింది. మావయ్య పిడి వదల్లేదు.

"మరి కింద కాదన్నావేం? నీ తమ్ముడికి మూడింతలు పోయాయి."

"బాగుంది. నా కోసం వాయిద్యం మానేశాడని నలభై ఏళ్ళుగా పదకొండు మంది ముందు కాలర్ ఎగరేస్తున్నాను. ఇవాళ ముల్లుగాడి మూడింతల కోసం నా పరువు తీసుకోమంటారా? వాడికి వచ్చింది చాలు. వాడు నిటారుగా నిలబడ్డా ఏమంత అందంగా ఉంటాడు."

మావయ్య నవ్వాడు. ఆయన నవ్వితే పళ్ళు ఎన్ని ఉంటాయో ఆ రోజే తెలిసింది నాకు. లిఫ్టు ఏడుకి వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళింది. నాలుగులో మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. చివరికి దిగేటప్పుడు అత్తయ్య నా కట్ట వైపు చూసి, "ఇందులో ఒక్క ముక్క నీ నోట్లోంచి రాకూడదు" అని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు నోటికే. చేత్తో రాయకూడదని అనలేదు.

రాశాక మంచి మర్యాద అని మావయ్యకి లిఫ్టులోనే చదివి వినిపించాను. ముల్లు కూడా ఉన్నాడు లోపల, కొత్త కొట్టుకి సామాను మోసుకుంటూ. మావయ్య అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మొత్తం అబద్ధం."

"ఏది మావయ్యా?"

"మొదట్నించీ. నేను ఆ పాట వినలేదు. ఆ పళ్ళ డాక్టరు దగ్గరికి ఫిడేలు వాయించేవాళ్ళెవరూ రాలేదు. ఆ ఆదివారం లిఫ్టు రిపేరు. మెట్ల కింద ఉన్నది చీపుళ్ళు పెట్టుకునే గది. అసలు నాకు బావమరిదే లేడు."

పక్కన పెట్టె మోస్తున్న ముల్లు వైపు చూశాను.

"బావ చెప్తే అంతే" అన్నాడు ముల్లు. "నేను లేను."

"మరి వాయిద్యం ఎందుకు మానేశారు మావయ్యా?"

మావయ్య జాలీ తలుపు తీసి పట్టుకున్నాడు, నేను దిగడానికి.

"మా ఆవిడ కోసం" అన్నాడు. "అది ఒక్కటీ సరిగ్గా రాయి."